పిలుపుంటేనే తెరుచుకునే తలుపులు

2004 ఏప్రిల్ 1న గూగుల్ వారు జీమెయిలు ప్రకటించినప్పుడు చాలామంది దాన్ని ఏప్రిల్ ఫూలు వేళాకోళమనుకున్నారు. హాట్‌మెయిలు 2 మెగాబైట్లు, యాహూ 4 మెగాబైట్లు ఇస్తున్న రోజుల్లో ఏకంగా 1 గిగాబైటు జాగా ఎవరిస్తారు? తీరా నిజమేనని తేలాక ఇంకో చిక్కు వచ్చిపడింది. లోపలున్నవారెవరైనా పిలిస్తే తప్ప ఖాతా దొరకదు. ఆహ్వానాల్ని ఈబేలో అమ్మకానికి పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. 2007 ఫిబ్రవరిలో తలుపులు బార్లా తెరిచేదాకా ఆ పద్ధతే నడిచింది. "మీ దగ్గర ఒక ఆహ్వానం మిగిలి ఉంటే పంపగలరా?" అని మొహమాటపడుతూ వేగులు రాసినవారిలో నేనూ ఒకణ్ణి. ఈ పేజీ చదివేవారిలో చాలామందికి ఆ అనుభవం ఉండే ఉంటుంది.

అయితే జీమెయిలు ఆహ్వానం అడిగిన ప్రతివాడికీ నేడో రేపో దొరికేదే. పుచ్చుకున్నవాడు ఏమీ రుజువు చేసుకోనక్కరలేదు, ఇచ్చినవాడు దేనికీ పూచీ పడనక్కరలేదు. సరిగ్గా అదే కాలంలో అంతర్జాలంలో ఇంకో రకం తలుపులుండేవి. అక్కడ ఆహ్వానం సంపాదించుకోవలసిన వస్తువు. పరీక్ష రాయాలి, లెక్క చూపించాలి, నీ వెనక ఒకడు పూచీకత్తు ఉండాలి. పాటలూ, సినిమాలూ, పుస్తకాలూ సభ్యులు తమలో తాము పంచుకునే ఆంతరంగిక ట్రాకర్ల సంగతి నేను చెబుతున్నది.

ఇది చట్టానికి అవతలి గట్టున జరిగిన కథ. అక్కడ చేతులు మారిన వాటిలో అధికభాగం హక్కుదారుల అనుమతి లేనివే. పాట కట్టినవాడికి ఆ పంపకంలో చిల్లిగవ్వ ముట్టలేదన్నది దాచవలసిన విషయం కాదు. వారి తరఫున వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశమూ కాదు. కానీ దొంగసొత్తు పంచుకోవడానికి కూడినవాళ్ళు ఎక్కడా లేనంత కట్టుదిట్టమైన గ్రంథాలయాన్ని ఎలా కట్టారు, అది ఒక్క పూటలో ఎలా మాయమైంది అన్నది చరిత్ర రాసేవారు వదిలిపెట్టదగ్గ ప్రశ్న కాదనుకుంటాను.

మూలాలు వెతికితే 1980ల నాటి బులెటిన్ బోర్డుల దాకా వెళ్ళాలి. ఒక ఔత్సాహికుడు తన ఇంట్లో కంప్యూటరుకి మోడెం తగిలించి, ఫోను లైను కలిపి ఉంచేవాడు. ఊళ్ళోవాళ్ళు ఫోను చేసి అందులోని ప్రోగ్రాములు దించుకునేవారు. లైను ఒకటే అయితే ఒకరు దించుకుంటున్నంత సేపూ మరొకరికి దారి లేదు. డిస్కులో జాగా కూడా అంతంత మాత్రం. ఉత్త చేతుల్తో వచ్చి ఎత్తుకుపోయేవాళ్ళతో విసిగిపోయిన నిర్వాహకులు నిష్పత్తి అనే నియమం పెట్టారు. సాధారణంగా ఒకటికి మూడు: నువ్వొక భాగం ఎక్కిస్తే మూడు భాగాలు దించుకోవచ్చు. ఏమీ ఎక్కించకుండా దించుకునేవాళ్ళకి అక్కడి పరిభాషలో ఒక పేరుండేది, జలగలు అని. నిష్పత్తి, జలగ అనే ఈ రెండు మాటలూ ఇరవై ఏళ్ళ తరువాత అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ కనబడతాయి.

ఆ బోర్డుల వారసులే 1990లలో రహస్య ఎఫ్.టి.పి. సర్వర్లు నడిపిన ముఠాలు. వాటిలోకి ప్రవేశం పూర్తిగా వ్యక్తిగత పరిచయం మీదే. 1993లో మాస్కోలో పుట్టిన డ్రింక్ ఆర్ డై అనే ముఠా మీద 2001 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనేక దేశాల్లో ఒకేసారి దాడులు చేయించింది. ఆ లోకం మనకిక్కడ అంతగా అక్కరలేదు.

1999లో షాన్ ఫానింగ్ అనే కుర్రవాడు నాప్‌స్టర్ తెచ్చేసరికి లెక్కలన్నీ తారుమారయ్యాయి. నిష్పత్తి లేదు, పరిచయం అక్కరలేదు, పాట పేరు కొడితే చాలు. కోట్లమంది వచ్చిపడ్డారు. 2001 జులైలో న్యాయస్థానం దెబ్బకి మూతపడింది. దాని వల్ల సంగీత వ్యాపారానికి ఎంత నష్టమన్నది వేరే చర్చ. వినేవాడి కోణంలోంచి చూస్తే దాని లోపం ఇంకొకటి. అక్కడ దొరికినదేదీ నమ్మదగ్గది కాదు. ఒకరి పాట మరొకరి పేరు మీద ఉండేది. చివరి అరనిమిషం తెగిపోయి ఉండేది. నాణ్యత 128 కిలోబిట్లంటే అదే భాగ్యం. ఎవరిదీ బాధ్యత కాదు కనుక ఎవరూ సరిచేసేవారు కారు. మన పాత తెలుగు సినిమా పాటల ఎంపీ3లు జాలంలో తిరిగిన తీరు ఎరిగినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఘంటసాల గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, సినిమా పేరు ఒకటుంటే పాట ఇంకొకటుంటుంది.

అదే 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ రాశాడు. అందులో పెద్ద ఫైలుని ముక్కలు చేస్తారు. దించుకునే ప్రతివాడూ తనకి అందిన ముక్కల్ని అప్పటికప్పుడే పక్కవాడికి అందిస్తుంటాడు. ఎవరి దగ్గర ఏ ఫైలుందో చెప్పి ఒకరితో ఒకర్ని కలిపే కేంద్రాన్ని ట్రాకరు అంటారు. అది పెళ్ళిళ్ళ పేరయ్య వంటిది. వధువూ తనది కాదు, వరుడూ తనవాడు కాదు, సంబంధం కుదర్చడమే దాని పని. ఈ పేరయ్య ప్రతి సభ్యుడికీ ఒక రహస్య సంకేతం ఇచ్చి, దాని ద్వారా ఎవరెంత ఇచ్చారో ఎంత పుచ్చుకున్నారో చిట్టా రాసుకుంటే అది ఆంతరంగిక ట్రాకరు. బులెటిన్ బోర్డుల నాటి నిష్పత్తి ఈ చిట్టా రూపంలో తిరిగొచ్చింది.

తలుపులు మూయడానికి మొదటి కారణం భయమే. అందరికీ తెరిచి ఉంచిన సూపర్నోవా 2004 డిసెంబరులో మూతపడింది. 2005 మేలో స్టార్‌వార్స్ మూడో భాగం విడుదలైన వారం లోపే ఎలీట్ టొరెంట్స్ మీద ఎఫ్.బి.ఐ. దాడి జరిగింది. ఎవరైనా రాగలిగిన చోటికి నిఘావాడూ రాగలడు. కనుక తెలిసినవాణ్ణే రానిద్దామన్న ఆలోచన సహజమే. కానీ భయం కోసం పెట్టిన గడప, పెట్టినవారు ఊహించని పని చేసింది.

ఆ పని స్పష్టంగా కనబడేది ఓయింక్ చరిత్రలో. 2004లో ఇంగ్లండు ఈశాన్యంలోని మిడిల్స్‌బ్రోలో ఆలన్ ఎల్లిస్ అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. గులాబీరంగు పంది బొమ్మ దాని గుర్తు. సంగీతం మాత్రమే, ఆహ్వానం మీద మాత్రమే. నాసిరకం ఫైళ్ళు ఎక్కించడం నిషిద్ధం. పాటల పేర్లు, వరుస, సంవత్సరం సరిగా ఉండాలి. తప్పుగా ఎక్కిస్తే తీసేస్తారు, పదేపదే చేస్తే నిన్నే తీసేస్తారు. మూడేళ్ళలో సభ్యులు 1,80,000 మంది దాకా అయ్యారు. నైన్ ఇంచ్ నెయిల్స్ సంగీతకారుడు ట్రెంట్ రెజ్నర్, తనకీ అక్కడ ఖాతా ఉండేదనీ, అంత మంచి సంగీత దుకాణం లోకంలో మరొకటి లేదనీ అర్థం వచ్చేట్టు 2007లో ఒక పత్రికతో బాహాటంగా చెప్పాడు. సరుకు పోగొట్టుకున్నవాడే అంగడిని మెచ్చుకోవడం ఈ కథలో నాకు అన్నిటికంటే వింతగా తోచిన ఘట్టం.

2007 అక్టోబరు 23 ఉదయం పోలీసులు ఎల్లిస్ ఇంటికి వచ్చారు. అదే సమయంలో ఆంస్టర్‌డాంలోని సర్వర్లు స్వాధీనమయ్యాయి. అప్పటికతనికి 24 ఏళ్ళు. కేసు నడిచి తీర్పు రావడానికి రెండేళ్ళు పైనే పట్టింది. మోసానికి కుట్ర పన్నాడన్నది అభియోగం. అతని ఖాతాల్లో దాదాపు 3 లక్షల డాలర్ల విరాళాలు పోగయ్యాయనీ, స్నేహితుల్ని పిలవాలంటే విరాళం ఇవ్వవలసి ఉండేదనీ ప్రాసిక్యూషను వాదించింది. తన దగ్గర ఒక్క పాట కూడా లేదనీ, ప్రోగ్రామింగులో నైపుణ్యం పెంచుకోవడానికి మొదలుపెట్టాననీ అతనన్నాడు. 2010 జనవరిలో జ్యూరీ అతణ్ణి నిర్దోషి అని ఏకగ్రీవంగా వదిలిపెట్టింది. చిత్రమేమంటే, పాటలు ఎక్కించిన సభ్యులు కొందరు అంతకు ముందే కాపీహక్కుల ఉల్లంఘన ఒప్పుకుని శిక్ష పొందారు. పేరయ్య బయటపడ్డాడు, పెళ్ళివారు దొరికిపోయారు.

ఓయింక్ పడిన వారం లోపే రెండు వారసులు పుట్టాయి, వాఫిల్స్, వాట్ సీడీ అని. రెండోదాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

సభ్యులకి ఎవరూ తెలియనివాడు వాట్ సీడీలోకి ఎలా వెళ్ళాలి? ముఖాముఖి పరీక్ష ద్వారా. ఐ.ఆర్.సి. అనే పాతకాలపు ముచ్చట్ల వ్యవస్థలో ఒక గదికి వెళ్ళి, తన జాల వేగం రుజువు చూపి, వరుసలో నిలబడాలి. పరీక్షకుడు ఖాళీ అయ్యేదాకా గంటల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఆయన స్వచ్ఛంద సేవకుడే, జీతం బత్తెం లేనివాడు. పిలుపొచ్చాక అడిగే ప్రశ్నలు సంగీతం గురించి కావు, శబ్దాన్ని దాచే విధానాల గురించి. ఎంపీ3 ఏమి పారేస్తుంది? ఫ్లాక్ ఎందుకు పారేయదు? స్థిర బిట్‌రేటుకీ మారే బిట్‌రేటుకీ తేడా ఏమిటి? 128లో ఉన్న ఎంపీ3ని 320కి మారిస్తే ఏమవుతుంది?

చివరి ప్రశ్నే అసలు కీలకం. సీడీలో శబ్దం 22 కిలోహెర్ట్జుల దాకా ఉంటుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 తయారయ్యేటప్పుడు 16 కిలోహెర్ట్జుల పైనున్నదంతా దాదాపు తెగిపోతుంది. ఆ తరువాత దాన్ని ఎంత పెద్ద ఫైలుగా మార్చినా పోయినది తిరిగిరాదు. నీళ్ళు కలిపిన పాలని పెద్ద గిన్నెలోకి మార్చినంత మాత్రాన చిక్కబడవు కదా. ఇటువంటి నకిలీకి ట్రాన్స్‌కోడ్ అని పేరు. చెవికి చాలామందికి తెలియదు కానీ, శబ్దాన్ని బొమ్మగా గీసే ప్రోగ్రాములో చూస్తే 16 దగ్గర కత్తిరించినట్టు గీత కనబడుతుంది. పరీక్షకుడు అటువంటి బొమ్మలు చూపించి, ఇది ఏ నాణ్యత, అసలుదా నకిలీదా అని అడిగేవాడు. చీటీలు చూసి రాస్తే దొంగతనమే. అక్కడ ఆ నేరానికి ప్రవేశం శాశ్వతంగా పోయేది. పాటల దొంగలు కాపీ కొట్టినవాణ్ణి గెంటేయడంలోని హాస్యం వాళ్ళకీ తెలిసే ఉంటుంది.

ఈ పరీక్ష గురించి నాకొక అభిప్రాయముంది. ఆహ్వానమంటే మూలంలో సిఫారసే. సిఫారసు మనకి కొత్త కాదు. ఉద్యోగానికైనా సీటుకైనా ఫలానావారి మనిషినంటే సగం పని అయినట్టే. లోపల చుట్టాలున్నవాడికి గడప అడ్డు కాదు, లేనివాడికి గడప గోడే. పరిచయం అక్కరలేకుండా చదువుకుని వస్తే రానిచ్చే పరీక్ష ఆ గోడలో ఒక కిటికీ తెరిచింది. ఏ ఊరివాడైనా, ఎవరూ తెలియనివాడైనా పదిరోజులు కూర్చుని నేర్చుకుంటే లోపలికి వెళ్ళగలడు. ఇంగ్లీషు వచ్చి ఉండాలన్నది వేరే సంగతి.

లోపలికి వెళ్ళాక కథ అయిపోదు, అసలు కష్టం అప్పుడే మొదలు. అక్కడి మెట్లు చూడండి. మామూలు సభ్యుడు ఒక వారం నిలిచి, 10 గిగాబైట్లు ఎక్కించి, నిష్పత్తి 0.7 నిలబెట్టుకుంటే ఒక మెట్టు. రెండు వారాలు గడిచి, 25 గిగాబైట్లు ఎక్కించి, అయిదు కొత్త ఆల్బములు తానుగా చేర్చి, నిష్పత్తి 1.05 దాటితే పవర్ యూజరు. ఆ మెట్టెక్కినవాడికి ఒక కొత్త గది తెరుచుకుంటుంది. అందులో ఇతర ట్రాకర్ల ప్రతినిధులు తమ చోటికి ఆహ్వానాలు ఇస్తుంటారు. ఇక్కడ బుద్ధిగా నడుచుకున్నవాడు అక్కడా నడుచుకుంటాడని నమ్మకం. సినిమాల్లో హాలీవుడ్, బాలీవుడ్ రద్దీని దూరంగా పెట్టి అరుదైన చిత్రాలే దాచుకున్న కారగార్గా వంటి చోట్లకి దారులు ఇలా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టేవి. వాట్ సీడీ చదువు మొదటి తరగతి అన్నమాట.

ఇప్పుడు లెక్క. ఒక ట్రాకరులో ఒకడు దించుకున్న ప్రతి బైటూ మరొకడు ఎక్కించినదే. కనుక అందరి ఎగుమతుల మొత్తం, అందరి దిగుమతుల మొత్తం సమానం. అందరినీ కలిపి చూస్తే నిష్పత్తి 1 కన్నా ఎక్కువ కావడం అసాధ్యం. ఎవరైనా 3 దగ్గరుంటే ఇంకెవరో 1కి దిగువన ఉండి తీరాలి. వందమంది ఒక్కొక్క గిగాబైటు దించుకున్నారనుకుందాం. హాలెండులో వంద మెగాబిట్ల సర్వరు అద్దెకు తీసుకున్న ఒక్క మనిషి మొదటి గంటల్లోనే అందులో 60 గిగాబైట్లు తానే పంచేస్తే, మిగతా 99 మందికి పంచుకోవడానికి మిగిలింది 40. అందరూ 1.05 దాటాలని నియమం పెట్టడమంటే, తరగతిలో ప్రతివాడికీ సగటు కన్నా ఎక్కువ మార్కులు రావాలనడమే.

మన దేశంలో పరిస్థితి ఊహించుకోండి. 2004 బ్రాడ్‌బ్యాండు విధానం ప్రకారం 256 కిలోబిట్లు వస్తే అదే బ్రాడ్‌బ్యాండు. ఆ వేగంతో ఒక గిగాబైటు పంపడానికి ఎడతెగకుండా దాదాపు 9 గంటలు పడుతుంది. ఎక్కించే వేగం దించే వేగంతో సమానమనుకున్నా, 25 గిగాబైట్లంటే రాత్రీ పగలూ 9 రోజులు. మధ్యలో కరెంటు పోకూడదు.

ఈ ఇరుకులోంచి బయటపడడానికి సభ్యులు కనిపెట్టిన ఉపాయాలే ఆ గ్రంథాలయాన్ని కట్టాయి. వేగం లేనివాడు ఎవరి దగ్గరా లేని సరుకు తేవాలి. అప్పుడు దించుకునేవాళ్ళంతా తన దగ్గరే పుచ్చుకోక తప్పదు. అందుకని పాత సీడీల దుకాణాల్లో మూల పడి ఉన్నవాటిని వెతికి కొన్నవాళ్ళున్నారు. నాన్నగారి రికార్డుల పెట్టె దించి, ప్లేయరు సూది మార్చి, గంటల తరబడి శుభ్రం చేసి ఎక్కించినవాళ్ళున్నారు. ఒకరు ఎక్కించిన ఫ్లాక్‌ని రకరకాల ఎంపీ3లుగా మార్చి చేర్చడం ఇంకొక దారి. నాకు ఫలానాది కావాలని అడుగుతూ, తెచ్చినవాడికి తన ఖాతాలోంచి ఇన్ని గిగాబైట్లు బహుమానంగా ఇస్తానని ప్రకటించే ఏర్పాటొకటి ఉండేది. దొరకని వస్తువుకి వందలమంది తలా ఇంత వేసి ఆ బహుమానం పెంచుతూ పోయేవారు. గిగాబైటు అక్కడ నాణెం అయింది.

ఎక్కించిన సీడీకి పత్రం కూడా ఉండాలి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాము సీడీలోని ప్రతి భాగాన్నీ తిప్పితిప్పి చదివి, అనుమానం వచ్చిన చోట మళ్ళీ చదివి, చివర ఒక లాగ్ రాస్తుంది. అమరికలన్నీ సరిగా ఉండి, పొరపాటు లేకుండా చదివితే ఆ లాగ్‌కి నూటికి నూరు మార్కులు. తొంభై వచ్చిన ప్రతిని నూరు వచ్చిన ప్రతి తోసేయగలదు. ఒకే ఆల్బము 1970లో వెలువడిన అమెరికా ముద్రణ, 1987 నాటి జపాను సీడీ, కొత్తగా మెరుగులు దిద్దినది, ఇలా ప్రతిదీ వేరువేరుగా, కేటలాగు సంఖ్యలతో సహా ఉండేది. పాఠాంతరాలన్నీ దగ్గర పెట్టుకుని పరిష్కరించే పండితుడి పద్ధతి ఇది. చేస్తున్నది పండితులు కాదు, నిష్పత్తి పడిపోతుందని బెంగపడే కాలేజీ పిల్లలు.

డబ్బుకి చోటు లేదని వాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు. ఇది సగమే నిజం. వేగమైన సర్వరు నెలకింతని అద్దెకు తెచ్చుకున్నవాడు ఏ శ్రమా లేకుండా మెట్లెక్కేవాడు. ముఖద్వారం దగ్గర ఆపిన డబ్బు దొడ్డిదారిన వచ్చి కూర్చునేది.

పూచీ సంగతి. ఎవరు ఎవర్ని పిలిచారో వంశవృక్షంలా గీసి ఉంచేవారు. నువ్వు పిలిచినవాడు తప్పు చేస్తే నీ పిలిచే హక్కు పోవచ్చు. ఆహ్వానం అమ్మినట్టు తేలితే అమ్మినవాడూ, కొన్నవాడూ, కొన్నవాడు పిలిచినవాళ్ళూ కొమ్మకొమ్మగా నరికివేతకి గురయ్యేవారు. పల్లెల్లో అప్పుకి జామీను ఉండడం ఎరిగినవారికి ఇది అర్థమవుతుంది. సంతకం పెట్టేవాడు స్నేహం చూడడు, మనిషిని చూస్తాడు. అయినా ఆహ్వానాల చీకటి సంత ఎన్నడూ ఆగలేదు. తెలియక కొన్నవాడి కింద నిజాయితీగా వచ్చిన పదిమంది కొట్టుకుపోవడం న్యాయమా అంటే కాదు. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి వీల్లేని చోట న్యాయం నిర్వాహకుడి ఇష్టమే.

ఆ గిడ్డంగి ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఒక ఉదంతం. 2010లో చనిపోయిన అమెరికన్ రచయిత శాలింజర్ అచ్చు వేయకుండా ఆపిన కథలు కొన్ని విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రిన్స్‌టన్‌లో ఉంది. కాపలా ఉన్న గదిలో కూర్చుని చదవవచ్చు, నకలు తీసుకోకూడదు. ఆయన పోయిన 50 ఏళ్ళ దాకా, అంటే 2060 దాకా, అచ్చు కాకూడదు. 2013 సెప్టెంబరులో ఆ కథతో సహా మూడు కథల చిరుపుస్తకం ఒకటి, అనుమతి లేకుండా ఎవరో కొద్ది ప్రతులు వేసినది, ఈబేలో అమ్ముడైంది. కొన్నాళ్ళకే దాని పుటల చిత్రాలు వాట్ సీడీలో ప్రత్యక్షమై, అక్కణ్ణుంచి లోకమంతా పాకాయి. రచయిత కోరిక మట్టిగలిసింది. నాకు ఆ కథ చదవాలన్న ఆశ ఉన్న మాట నిజం. చదవకుండా ఉండిపోవడానికి కారణం ధర్మబుద్ధా బద్ధకమా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

2016 నవంబరు 17న వాట్ సీడీ ఆగిపోయింది. ఫ్రాన్సులో దాని సర్వర్లని అధికారులు స్వాధీనం చేసుకున్నారని వార్తలొచ్చాయి. సభ్యుల వివరాలు ఎవరి చేతికీ చిక్కకుండా సమాచారమంతా ధ్వంసం చేశామనీ, మళ్ళీ తెరవబోమనీ నిర్వాహకులు ప్రకటించారు. పది లక్షలకు పైగా విడుదలల పట్టిక, తొమ్మిదేళ్ళ పాటు వేలమంది సరిదిద్దిన వివరాలు, ఒకే రోజున పోయాయి. పాటలు పోలేదు, అవి సభ్యుల డిస్కుల్లోనే ఉన్నాయి. పోయింది జాబితా, ఎవరి దగ్గర ఏముందో చెప్పే పేరయ్య చిట్టా. గోప్యత కోసం తలుపు వేసినవారు ఆ గోప్యత కోసమే చిట్టాని కాల్చవలసి వచ్చింది.

దీని పక్కన మనకి తెలిసిన మరొక గ్రంథాలయాన్ని పెట్టి చూడాలనిపిస్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, తిరుమల తిరుపతి దేవస్థానం వంటి చోట్ల తెలుగు పుస్తకాలు స్కాను చేశారు. ఎవరైనా రావచ్చు, ఎవరి పిలుపూ అక్కరలేదు. కానీ దాని పట్టిక చూసినవారికి తెలుసు: పుస్తకాల పేర్లు రోమను లిపిలో గుర్తుపట్టరాని గజిబిజి, రచయిత పేరున్న చోట ఖాళీ, సంవత్సరం తప్పు, పుటలు తలకిందులు. ఒక పుస్తకం కోసం పది రకాల స్పెల్లింగులు కొట్టి చూసినవాళ్ళం మనమంతా. ప్రభుత్వ ధనంతో, చట్టబద్ధంగా, జీతగాళ్ళు చేసిన పట్టిక అలా ఉంది. జీతం లేని దొంగలు చేసిన పట్టికలో చుక్క తప్పితే ఎక్కించినది వెనక్కి వచ్చేది. మొదటిదాంట్లో తప్పుకి పూచీదారు లేడు, రెండోదాంట్లో ప్రతి తప్పు కిందా ఒక పేరుంది.

అయితే 2017 ప్రాంతంలో కాపీహక్కుల ప్రశ్నల నడుమ ఆ డిజిటల్ లైబ్రరీ గూడు మూతపడినప్పుడు ఏమైంది? అప్పటికే దాంట్లోని లక్షల పుస్తకాల్ని ఔత్సాహికులు ఇంటర్నెట్ ఆర్కైవుకి చేరవేసి ఉన్నారు. తలుపు లేదు కనుక మోసుకుపోవడానికి అడ్డు లేదు. ఆ గజిబిజి పేర్లతోనే, ఆ తలకిందుల పుటలతోనే, అవి బతికి బయటపడ్డాయి. నేనీమధ్య వెతికిన పాత పత్రిక సంపుటి ఒకటి అక్కడే దొరికింది, వేరే పుస్తకం పేరు మీద.

వాట్ సీడీ పోయిన కొద్ది రోజులకే రెండు కొత్త ట్రాకర్లు లేచాయి. ఒకటి తరువాత రిడాక్టెడ్ అనే పేరు పెట్టుకుంది, రెండోది రెండు పేర్లు మారి ఆర్ఫియస్ అయింది. పాతవాళ్ళు రాసి అందరికీ వదిలిపెట్టిన గజెల్ అనే ప్రోగ్రామే రెంటికీ పునాది. తలుపు, గడప, మెట్లు అన్నీ ఉన్నాయి, అరలు ఖాళీ. నూటికి నూరు మార్కులకి సాక్ష్యం ఇవ్వగల నిర్వాహకులు లేరు, ఎవరు నమ్మదగ్గవారో చెప్పే పాత వంశవృక్షమూ లేదు. కానీ లాగ్‌లో సరిచూసుకునే సంకేతసంఖ్య ఉంటుంది, ఒక్క అక్షరం దిద్దినా పట్టుబడుతుంది. ఆ శీతాకాలమంతా పాత సభ్యులు తమ డిస్కుల అడుగున ఆల్బము పక్కనే దాచిన చిన్న లాగ్ ఫైలు ఉందా, ఎప్పుడో జాగా కోసం చెరిపేశామా అని వెతుక్కుంటూ, మొదటి ఆల్బము నుంచి మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టారు.